కారు పాకం

కాణిపాకం వినాయకుడి దగ్గరికి జనం ముఖ్యంగా రెండు పనుల మీద వస్తుంటారు. ఒకటి ప్రమాణం చేయడానికి. రెండోది కొత్త బండికి పూజ చేయించుకోడానికి. మొక్కులూ ముడుపులూ పెళ్ళిళ్ళూ లేవని కాదు. అవి ఏ క్షేత్రంలోనైనా ఉండేవే. ఈ రెండూ మాత్రం మా చిత్తూరు స్వామి దగ్గర కాస్త ఎక్కువ.

ప్రమాణం సంగతి తెలుగునాట అందరూ ఎరిగిందే. "కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ఎదట నిలబడి ఆ మాట చెప్పు చూద్దాం" అంటే ఎంతటి గుండెలు తీసిన బంటైనా ఒక్క క్షణం తటపటాయిస్తాడు. అప్పు తీసుకోలేదన్నవాడూ, పొలం గట్టు జరపలేదన్నవాడూ, అత్తగారి గొలుసు తను చూడనే లేదన్న కోడలూ అందరికీ ఆ గుడి మెట్లే ఆఖరి కోర్టు. రాజకీయ నాయకులు కూడా "కాణిపాకం రా, తేల్చుకుందాం" అని సవాళ్ళు విసురుకుంటుంటారు. సవాళ్ళన్ని ప్రమాణాలు జరగవనుకోండి, అది వేరే సంగతి.

ఇక బండి పూజ. ఆవరణ బయట కొత్త కార్లు పసుపు కుంకుమలూ బంతిపూల దండలూ వేసుకుని పెళ్ళికూతుళ్ళలా వరసగా నిలబడి ఉంటాయి. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, ఇంటాయన స్టీరింగు ముందు కూర్చుని బండిని మెల్లిగా ముందుకు కదిలిస్తాడు. నిమ్మకాయలు చితుకుతాయి. ఆడవాళ్ళం చేతులు జోడిస్తాం.

ఈ రెంటికీ సంబంధమేమిటని మీరు అడగొచ్చు. కారు చరిత్ర కాస్త చదివాక నాకు తోచిందేమిటంటే, బండికి పూజే కాదు, ప్రమాణం కూడా అవసరమే. ఎందుకంటే కార్లు కూడా అబద్ధాలాడగలవు. ఆడాయి కూడా! ఆ కథ చెప్పాలంటే ముందు పాకం సంగతి చెప్పాలి.

కాణిపాకంలో ఉన్న పాకానికీ మన వంటింటి పాకానికీ చుట్టరికం లేదు. "కాణి" అంటే ఎకరంపావు నేల. "పారకం" అంటే నీళ్ళు పారడం. గుడ్డి, మూగ, చెవిటి అయిన ముగ్గురు అన్నదమ్ములు ఏతంతో నీళ్ళు తోడుకుని సేద్యం చేసేవారనీ, బావి ఎండిపోతే లోతు చేస్తుండగా గునపం రాతికి తగిలి నెత్తురు చిందిందనీ, అది తాకగానే వాళ్ళ అవకరాలు పోయాయనీ, ఊరివాళ్ళు కొట్టిన కొబ్బరికాయల నీళ్ళు కాణి నేల పారాయనీ స్థలపురాణం. పదకొండో శతాబ్దంలో చోళరాజు కులోత్తుంగుడు గుడి కట్టించాడంటారు. తర్వాత విజయనగర ప్రభువులు పెంచారు. ఆ "కాణిపారకమే" నోళ్ళలో నలిగి కాణిపాకం అయింది.

కారులో ఉన్నది మాత్రం అచ్చంగా మన పాకమే. పెట్రోలు ఒంటరిగా మండదు, గాలి కలవాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి ఎక్కువైతే లేతపాకం; ఇంజను దగ్గుతుంది, ఆగిపోతుంది. పెట్రోలు ఎక్కువైతే ముదురుపాకం. నల్లపొగ, ఘాటు వాసన, ఖర్చు. అరిసెలు చేసేవాళ్ళకి ఇంతకన్నా వివరం అక్కర్లేదు గదా! ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే అరిసె రాయైనా అవుతుంది, పిండిగా విరిగైనా పోతుంది.

బండి రోడ్డుమీద పరుగెత్తుతున్నప్పుడు పాకం కాస్త తేడా వచ్చినా తెలియదు. తెలిసేది నిలబడ్డప్పుడే. కాలు తీసేసి, గేరు తీసేసి ఊరికే ఉంచితే ఇంజను నిమిషానికి 800, 900 చుట్లు తిరుగుతూ తనంతట తను బతికి ఉండాలి. దీన్నే ఐడిలింగు అంటారు. మెకానిక్కులైతే "స్లో" అంటారు. పాలు పొంగకుండా, పొయ్యి ఆరకుండా మంట తగ్గించి పెట్టడం ఎంత కష్టమో మనకి తెలుసు. పెద్దమంట ఎవరైనా పెడతారు. సన్నమంట నిలబెట్టడంలోనే ఉంది పనితనం.

అన్నట్టు, ప్రపంచంలో మొదటిసారి ఈ పనితనం చూపించింది ఒక ఇల్లాలు. జర్మనీలో కార్ల్ బెంజ్ మూడు చక్రాల మోటారుబండి తయారుచేసి 1886లో పేటెంటు పుచ్చుకున్నాడు. కొనేవాడు లేడు. అందరికీ భయం. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు. కాణిపాకం నుంచి తిరుమల కొండమీదికి వెళ్ళేదానికంటే కాస్త ఎక్కువ దూరం. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నీసు తీసి పొడిచి శుభ్రం చేసిందట. తీగ ఒరుసుకుపోతే మేజోళ్ళు జారకుండా కట్టుకునే పట్టీ చుట్టిందట. ఇంధనం అయిపోతే మందులషాపులో మరకలు తీసే ద్రావకం కొని పోసింది. కిరసనాయిలు పంపుస్టవ్వు కాలంలో పిన్ను పెట్టి బర్నరు పొడిచిన మన అమ్మలకి ఆవిడ వరసకి అక్కగారే అవుతుంది.

బెర్తమ్మ బండిలో పెట్రోలు ఆవిరై గాలిలో కలిసేది. తర్వాత 1893లో జర్మనీలో మేబాక్, హంగరీలో బాంకి, చోంకా అనే ఇద్దరు పెట్రోల్ని తుంపరగా చిమ్మే సాధనం కనిపెట్టారు. అదే కార్బురేటరు. పూలమ్మే ఒక అమ్మాయి నోటినిండా నీళ్ళు పుక్కిలించి వాడిన పూలమీద తుంపరగా ఊదుతుంటే చూసి ఆ ఇద్దరికీ ఊహ తట్టిందని హంగరీవాళ్ళు కథగా చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, చక్కని కథ. మన పూలకొట్ల దగ్గర ఎన్నిసార్లు చూశాం ఆ తుంపర! మనకెవరికీ కార్బురేటరు తట్టలేదంతే.

ఆ కార్బురేటరే దాదాపు వందేళ్ళు లోకాన్నంతా నడిపింది. మన దేశంలో అంబాసిడరూ, బొంబాయి ఫియట్టూ (దీనికే తర్వాత ప్రీమియర్ పద్మిని అని ఆడపిల్ల పేరు పెట్టారు), మద్రాసు స్టాండర్డ్ హెరాల్డూ, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 అన్నిటికీ గుండెకాయ అదే. దాని పక్కన రెండు చిన్న స్క్రూలు. ఒకటి స్లో ఎంతుండాలో చెప్పేది, రెండోది పాకం ఎంతుండాలో చెప్పేది. ట్యూనింగు అంటే ఆ రెంటినీ పావుచుట్టు, అరచుట్టు తిప్పి చూడడమే. నా చిన్నతనంలో మెకానిక్కులు బానెట్టెత్తి, కళ్ళు మూసుకుని, స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని వినేవారు. సంగీతం మేష్టారు తంబురా శ్రుతి చేస్తున్నట్టే ఉండేది. "ఇంగ సరిపోయింది, పోండి సామీ" అనేవారు. అంతే. మీటరూ లేదు, కాగితమూ లేదు.

ఆ రోజుల్లో కొండెక్కడమంటే పెద్ద యజ్ఞం. 1944లో తిరుమలకి మొదటి ఘాట్‌రోడ్డు పడింది. 1974లో రెండోది వచ్చింది. ఇటు చిత్తూరు నుంచి పలమనేరు వెళ్ళాలంటే మొగిలి కనుమ. ఎండాకాలం కనుమ మధ్యలో ఇంజను వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరై బుడగ కట్టేది. బండి దగ్గి ఆగిపోయేది. డ్రైవరు దిగి, పెట్రోలు పంపుమీద తడిగుడ్డ వేసేవాడు. జ్వరమొచ్చిన పిల్లవాడి నుదుటిమీద వేసినట్టే! మనం చెట్టుకింద పులిహోర పొట్లాలు విప్పేవాళ్ళం. చలికాలం తెల్లవారుజామున ఇంకో గొడవ. చోకు లాగితే గాని బండి లేవదు. లాగినవాళ్ళు మళ్ళీ తోయడం మరిచిపోతే ఊరంతా పొగ.

ఆ పొగే కార్బురేటరుకి యముడైంది.

అమెరికాలో లాస్ ఏంజెల్స్ నగరంమీద పట్టే మసకపొగకి కార్లే ముఖ్యకారణమని 1950ల్లోనే తేల్చారు. పొగగొట్టంలో విషవాయువుల్ని విరిచేసే కేటలిటిక్ కన్వర్టరు అనే డబ్బా 1975 నుంచి అక్కడి కార్లకి పెట్టడం మొదలెట్టారు. అయితే ఆ డబ్బాది మహా పట్టింపు. పాకం 14.7 దగ్గర నిక్కచ్చిగా ఉంటేనే సరిగా పనిచేస్తుంది. పెట్రోల్లో సీసం కలిసి ఉంటే పాడైపోతుంది. చెవితో విని తిప్పే స్క్రూవల్ల ఇంత నిక్కచ్చి ఎక్కడ కుదురుతుంది? దాంతో లెక్కలు చేసే పెట్టె కావలసి వచ్చింది.

సీసం సంగతి తల్లులం ఒకసారి తలచుకోవాలి. ఇంజను టకటక కొట్టకుండా ఉండడానికి దశాబ్దాలపాటు పెట్రోల్లో సీసం కలిపారు. అది పొగతో బయటికొచ్చి గాలిలో, దుమ్ములో చేరేది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకి అంతకన్నా చెడ్డది లేదని డాక్టర్లు ఎన్నేళ్ళనుంచో మొత్తుకుంటున్నారు. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకి కేటలిటిక్ కన్వర్టరూ, సీసం లేని పెట్రోలూ వచ్చాయి. 2000 ఫిబ్రవరికి దేశమంతటా సీసం పోయింది. ఎం.సి.మెహతా అనే లాయరు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1999 ఏప్రిల్లో ఢిల్లీ కార్లకి యూరో ప్రమాణాలు తప్పవంది. 2000 ఏప్రిల్ నుంచి దేశమంతటా కొత్త నిబంధనలొచ్చాయి. దాంతో కార్లలో కార్బురేటరు కాలం చెల్లింది. వెనక అద్దాలమీద "ఎం.పి.ఎఫ్.ఐ." అని గొప్పగా అంటించుకునేవారు, గుర్తుందా? ఒక్కొక్క సిలిండరుకీ ఒక్కొక్క సూది పెట్టి, కంప్యూటరు లెక్కప్రకారం పెట్రోలు చిమ్మడమని దాని అర్థం. 1998లో శ్రీపెరుంబుదూరు దగ్గర తయారై మన రోడ్లమీదికొచ్చిన శాంత్రో అలాంటి బండే.

ఆ కంప్యూటరు పెట్టెనే ఇంజను కంట్రోల్ యూనిట్ అంటారు. అట్లకాడ వెడల్పంత అల్యూమినియం డబ్బా.  బాష్ కంపెనీ 1967లో వోక్స్‌వాగన్ బండికి ఎలక్ట్రానిక్ పెట్రోలు పిచికారీ పెట్టింది. 1976లో వోల్వో కార్లకి పొగగొట్టంలో ఆక్సిజన్ని పసిగట్టే సెన్సరు వచ్చింది. పాకంలో వేలు పెట్టి చూసే వంటమనిషి లాంటిదది. ముదిరిందా, లేతగా ఉందా అని క్షణక్షణం పెట్టెకి చెబుతుంది. 1979లో బి.ఎం.డబ్ల్యు. బండిలో పెట్రోలూ, నిప్పురవ్వా రెంటినీ ఒకే పెట్టె చేతికిచ్చారు. అప్పటినుంచి ఇంజను పెత్తనం పూర్తిగా ఆ పెట్టెదే.

పెట్టెలో ఏముంటుంది? పట్టికలు. ఇంత వేడికి ఇంత పెట్రోలు, ఇన్ని చుట్లకి ఇంత గాలి అని వేలకొద్దీ అంకెలు. ఆ పట్టికలూ, వాటిని ఎలా వాడాలో చెప్పే ప్రోగ్రామూ కలిపి ఫర్మ్‌వేర్ అంటారు. తొలిరోజుల్లో అది చిప్పులో చెక్కిన శాసనం. మార్చాలంటే చిప్పు తీసి వేరేది పెట్టాల్సిందే. తర్వాత ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ 1971లో చెరిపి రాయగల చిప్పు కనిపెట్టాడు. దాని నెత్తిమీద చిన్న గాజు కిటికీ. అతినీలలోహిత కాంతిలో పెడితే రాసిందంతా చెరిగిపోతుంది. అందుకే ఆ కిటికీకి కాగితం అంటించి ఉంచేవారు. ఎండలో పెడితే మన వడియాలు గట్టిపడతాయి గాని, ఆ చిప్పుకి కొన్నాళ్ళకి చదివిన చదువంతా పోతుంది!

ఆ తర్వాత జపానులో తోషిబా ఇంజనీరు ఫుజియో మసుఓకా 1980ల్లో కరెంటుతోనే ఒక్క మెరుపులో చెరిపి తిరిగి రాసే జ్ఞాపకం కనిపెట్టాడు. కెమెరా ఫ్లాషు మెరిసినట్టుందని తోటి ఉద్యోగి అంటే ఫ్లాష్ మెమరీ అన్న పేరు నిలిచింది. మన సెల్‌ఫోన్లలో ఫొటోలు దాచేదీ అదే. ఆ రకం జ్ఞాపకం కార్లలోకొచ్చాక పెట్టె విప్పక్కర్లేకపోయింది. స్టీరింగు కింద పదహారు బెజ్జాల సాకెట్టు ఒకటుంటుంది. అమెరికాలో 1996 నుంచి అన్ని కార్లకీ తప్పనిసరి చేశారు. మన దేశంలో బండి తన రోగం తనే చెప్పుకునే ఏర్పాటు 2010 నుంచి అంచెలంచెలుగా నిబంధనల్లోకొచ్చింది. ఆ సాకెట్టులో తీగ గుచ్చి, ల్యాప్‌టాప్‌లోంచి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించొచ్చు.

మాది 2011లో కొన్న బండి. కంపెనీ పేరెందుకు లెండి, మాకు నమ్మకంగానే పనిచేసింది. పదేళ్ళు దాటాక ఒక జబ్బు పట్టుకుంది. సిగ్నలు దగ్గర ఏ.సి. వేసి ఉంటే చాలు, స్లో పడిపోయి బండి వణికేది. ఒక్కోసారి ఆగిపోయేది. వెనకవాళ్ళ హారన్లు మీకు తెలిసిందే. ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళాం. అక్కడి కుర్రాడు తీగ గుచ్చి చూసి, "ఆంటీ, మీ బండిలో పాత వెర్షను ఉంది, కొత్తది ఎక్కిస్తే స్లో బాగవుతుంది" అన్నాడు. బ్యాటరీకి ఛార్జరు తగిలించాడు. ఎందుకయ్యా అంటే, ఎక్కించే మధ్యలో కరెంటు తగ్గితే పాతదీ పోయి కొత్తదీ రాక పెట్టె మొద్దుబారిపోతుందట. ముగ్గు సగం చెరిపాక కరెంటు పోయినట్టన్నమాట. తెరమీద చిన్నగీత మెల్లిగా పెరుగుతూ వచ్చింది. ఆపరేషను థియేటరు బయట కూర్చున్నట్టు ఇరవై నిమిషాలు కూర్చున్నాం.

బండి కాస్త నయమైంది గాని, వణుకు పూర్తిగా పోలేదు. మళ్ళీ వెళితే, "పెట్టె మార్చాలి" అని వేలల్లో అంచనా రాసిచ్చారు. మా వారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చిత్తూరులో మాకు ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన ఒక పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్ళారు. ఆయన కార్బురేటర్ల కాలం మనిషి. బానెట్టెత్తి, గాలి వచ్చే గొట్టం విప్పి, టార్చి వేసి, "ఇట్ల రామ్మా, చూడు" అన్నాడు. గాలిని అదుపుచేసే రెక్క చుట్టూ నల్లటి మసి. ఏళ్ళ తరబడి తోమని పెనం అంచులా ఉంది.

"స్లోలో ఉండేటప్పుడు గాలి ఈ సందులోంచే కదమ్మా పోవాల. సందే పూడిపోయుంటే పెట్టె మాత్రం ఏం చేస్తాది? కొత్త పుస్తకం ఇచ్చినారు, బాగానే ఉండాది. ముక్కు మూసుకోనుంటే చదివేదెట్ల?" అన్నాడు.

మసి కడిగాక ఇంకో చిత్రం జరిగింది. స్లో తగ్గడానికి బదులు 1500కి లేచి కూర్చుంది. ఎందుకంటే, మసి ఉన్నన్నాళ్ళూ పెట్టె తనంతట తను రెక్కని కాస్త కాస్త ఎక్కువ తెరవడం అలవాటు చేసుకుంది. ఇప్పుడు మసి పోయినా అలవాటు పోలేదు. చెవిటి అత్తగారితో ఏళ్ళ తరబడి గట్టిగా మాట్లాడిన కోడలు అందరితోనూ అరుస్తున్నట్టే మాట్లాడుతుంది, చూడండి! ఆయన మా బండికి చెప్పిన పద్ధతిలో పాత అలవాటు చెరిపేసి, ఇంజను వేడెక్కాక కాలు తగలనీకుండా పదినిమిషాలు ఊరికే నిలబెట్టాడు. తర్వాత ఏ.సి. వేసి ఇంకాసేపు. పెట్టె మళ్ళీ నేర్చుకుంది. ముల్లు వచ్చి 800 దగ్గర బుద్ధిగా నిలబడింది. చాలా బండ్లలో వేరే పనికోసం బ్యాటరీ తీగ విప్పినా ఇలాగే మళ్ళీ నేర్పాల్సొస్తుందట.

ఇక్కడ నాకు అర్థమైంది ఇదీ: స్క్రూ పోయింది గాని ట్యూనింగు పోలేదు. చెవి చేసే పని సెన్సరు చేస్తోంది. చెయ్యి చేసే పని మోటారు చేస్తోంది. అయినా మసి ఎక్కడుందో చూడడానికి మనిషి కావాలి. మరి ఆ మనిషికి పెట్టె లోపలి లెక్కలు చూసే వీలుందా అంటే, లేదు. కుర్రాడికీ లేదు, పెద్దాయనకీ లేదు, బండి కొన్న మాకూ లేదు. కార్బురేటరు విప్పితే నాలుగు జెట్లూ బల్లమీద కనిపించేవి. ఫర్మ్‌వేర్ అలా కాదు. తయారుచేసినవాళ్ళ మాటే మనకి ప్రమాణం.

ప్రమాణం అన్నాను గదా, ఇక అబద్ధం కథ.

1989లో వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మన బండ్లకి పొగ పరీక్ష పెట్టారు. పెట్రోలు బండికి ఈ పరీక్ష చేసేది ఎప్పుడో తెలుసా? స్లోలో నిలబెట్టి ఉన్నప్పుడే. పొగగొట్టంలో గొట్టం దూర్చి కార్బన్ మోనాక్సైడు ఎంతుందో చూస్తారు. అప్పట్లో కార్లకి నూటికి 3 పాళ్ళు మించకూడదన్నారు. కొత్తరకం కార్లకి 2004 నుంచి అర పాలే. అంటే బండి నిలబడి ఉన్నప్పుడు సత్యం చెప్పాలి. అది బండి చేసే ప్రమాణమే! కార్బురేటరు రోజుల్లో దీనికో చిట్కా ఉండేది. పరీక్షకి ముందు పాకం స్క్రూ కాస్త తిప్పి లేతపాకం చేసేవారు. కాగితం చేతికొచ్చాక మళ్ళీ యథాస్థానం. కోనేట్లో మునగకుండా తల తడుపుకుని ప్రమాణానికొచ్చినట్టన్నమాట. చిన్న అబద్ధం, ఒక బండి అబద్ధం.

పెట్టెల కాలంలో అదే అబద్ధం లక్షల బండ్లకి ఒక్కసారిగా నేర్పొచ్చని 2015 సెప్టెంబరులో లోకానికి తెలిసింది. వోక్స్‌వాగన్ కంపెనీ డీజిలు కార్ల ఫర్మ్‌వేర్‌లో ఒక కిటుకు పెట్టింది. స్టీరింగు తిరగడంలేదు, చక్రాలు మాత్రం ఫలానా లెక్కప్రకారం తిరుగుతున్నాయి అంటే ఇది పరీక్ష అని పెట్టె పసిగట్టేది. వెంటనే పొగ తగ్గించి మహా సాధువులా నిలబడేది. పరీక్ష అయిపోయి రోడ్డెక్కగానే మళ్ళీ పాత బుద్ధే. అమెరికాలో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు పరికరాలు డిక్కీలో పెట్టుకుని కారుని నిజమైన రోడ్లమీద నడిపి చూసేసరికి గుట్టు బయటపడింది. నైట్రోజన్ వాయువులు పరీక్షలో వచ్చినదానికి ఎన్నో రెట్లు! ప్రపంచమంతటా కోటీ పదిలక్షల కార్లలో ఆ ప్రోగ్రాము ఉందని కంపెనీయే ఒప్పుకుంది.

మన దేశంలో కూడా అదే రకం డీజిలు ఇంజన్లతో అమ్మిన 3,23,700 కార్లని వెనక్కి పిలిపించి ఫర్మ్‌వేర్ మారుస్తామని 2015 డిసెంబరులో ఆ కంపెనీ ప్రకటించింది. ఇక్కడి నిబంధనలని తాము మీరలేదని వాళ్ళ వాదన. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ సుప్రీంకోర్టుకెళితే బలవంతపు వసూలు చర్యలు వద్దని కోర్టు ఆపింది. మన దేశంలో ఫర్మ్‌వేర్ మార్చడమనే మాట వార్తాపత్రికల మొదటి పేజీకెక్కింది బహుశా ఆ గొడవతోనే.

ఇందులో నన్ను ఆలోచింపజేసింది జరిమానా అంకె కాదు. ఆ కార్లు కొన్నవాళ్ళు ఎవరూ అబద్ధమాడలేదు. పువ్వులు కట్టి, నిమ్మకాయలు తొక్కించి, నిజాయితీగా పొగ కాగితం తెచ్చుకున్నారు. అబద్ధం వాళ్ళకి తెలియకుండానే వాళ్ళ ఇంటిముందు నిలబడి ఉంది. ఆ పొగ పీల్చింది మాత్రం రోడ్డుపక్క స్కూలు బస్సుకోసం నిలబడ్డ పిల్లలు. పూర్వం మోసం చేసిన చెయ్యి కనిపించేది, అడగడానికి మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఎవర్ని కోనేట్లో ముంచాలి?

అందుకు పెట్టెల్ని తిట్టడం నా ఉద్దేశం కాదు సుమండీ. ఆ పెట్టెలే లేకపోతే సీసం పోయేది కాదు, పొగ తగ్గేదీ కాదు. పాత బండ్లకి వాటి విలువ ఇప్పుడు ఇంకా తెలిసొస్తోంది. 2023 ఫిబ్రవరి నుంచి పెట్రోల్లో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపి అమ్మడం మొదలై, 2025 నాటికి దేశమంతటా అదే అయింది. ఇథనాల్లో ఆక్సిజను తనలోనే ఉంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. కిలో మిశ్రమానికి 14.7 కాదు, పదమూడున్నర చిల్లర. అంటే వందేళ్ళుగా కుదిరిన పాకం లెక్క మారిపోయింది! సెన్సరున్న బండి రుచి చూసి, పెట్రోలు కాస్త ఎక్కువ చిమ్మి తన హద్దుల్లో సర్దుకుంటుంది. మైలేజీ కొంత తగ్గుతుంది. కార్బురేటరు బండి పాపం సర్దుకోలేదు. పాత స్క్రూలకి మళ్ళీ చెవీ చెయ్యీ కావాలి. ఆ చెవులున్న పెద్దవాళ్ళు ఎంతమంది మిగిలారు? పాత రబ్బరు గొట్టాల సంగతి కూడా చూపించుకోవాలంటారు.

ఇంట్లో పాత కారుంటే మనం ఆడవాళ్ళం కూడా నాలుగు మాటలు గుర్తుపెట్టుకుంటే మంచిది. స్లో పడిపోతోందంటే ముందు మసి కడిగించమనండి. పెట్టె మాట తర్వాత. ఫర్మ్‌వేర్ మారుస్తామంటే పాత వెర్షను నంబరూ కొత్త నంబరూ రెండూ బిల్లుమీద రాయించుకోండి. మందుచీటీ దాచినట్టు దాచండి. ఎక్కించేటప్పుడు బ్యాటరీకి ఛార్జరు పెట్టారో లేదో కళ్ళారా చూడండి. "మైలేజీ పెంచుతాం, పరుగు పెంచుతాం" అని ఊరూపేరూ లేని ప్రోగ్రాములు ఎక్కించేవాళ్ళ జోలికి పోకండి; వాళ్ళు పొగ లెక్కల్ని పక్కకి నెట్టేసి ఇచ్చే బలమే అది.

ఇంకొకటి. గుడి దగ్గర పూజకోసం బండి వరసలో నిలబెట్టినప్పుడు ఇంజను ఆపేయమని మీవారికి చెప్పండి. స్లో ఎంత చక్కగా కుదిరినా పొగ పొగే. ఆ పక్కనే పూలమ్మే అవ్వ పొద్దున్నుంచీ కూర్చుని ఉంటుంది.